పోలేపల్లిలో ల్యాబ్ ఉద్యోగం వచ్చింది, గ్రూప్స్ వదిలేయాలా? చదివింది ఎందుకు గుర్తుండట్లేదు?

కల్వకుర్తి_పిల్ల

అక్కలకు, అన్నలకు నమస్తే. పోస్టు కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

మాది కల్వకుర్తి దగ్గర ఒక పల్లె. మహబూబ్‌నగర్‌లో బీజెడ్సీతో డిగ్రీ చేశాను. ఆ తర్వాత అశోక్‌నగర్‌లో హాస్టల్, చిక్కడపల్లి లైబ్రరీ, గ్రూప్-2 ప్రిపరేషన్. నోటిఫికేషన్ 2022 డిసెంబర్‌లో వచ్చింది. 2023 ఆగస్టులో జరగాల్సిన పరీక్ష నవంబర్‌కు పోయింది, అక్కడి నుంచి జనవరికి, మళ్ళీ ఆగస్టుకు, చివరికి 2024 డిసెంబర్ 15, 16 తేదీల్లో జరిగింది. ఆ మధ్యకాలమంతా బాపు పత్తి అమ్మిన పైసల్లోంచి నా హాస్టల్ ఫీజు కట్టాడు. నాకు పోస్టు రాలేదు. ఇప్పుడు ఇంటి దగ్గరే ఉన్నాను. వయసు 26.

పోయిన వారం జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో (ప్రత్యేక ఆర్థిక మండలి) ఒక ఫార్మా కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది. క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో ట్రైనీ, చేతికి పదిహేడు వేలు, మూడు షిఫ్టులు. అమ్మ చేరమంటుంది. బాపు మాత్రం "నీ ఇష్టం బిడ్డా" అని ఊరుకుంటాడు. ఆయన అలా అన్నప్పుడే నాకు ఇంకా టెన్షన్. చేరితే గ్రూప్స్ సంగతి ముగిసినట్టేనా? చేరకపోతే ఇంకెంతకాలం? రాత్రి ఒకటి అనుకుంటాను, పొద్దున లేచేసరికి ఇంకోటి అనిపిస్తుంది.

రెండో విషయం. నేను కష్టపడలేదంటే మాత్రం ఒప్పుకోను. తెలంగాణ ఉద్యమ చరిత్ర రంగురంగుల పెన్నులతో అండర్‌లైన్ చేసి ఎన్నోసార్లు చదివాను. పుస్తకం తెరిస్తే అన్నీ తెలిసినవే. పరీక్షలో మాత్రం రెండు ఆప్షన్ల దగ్గరికి వచ్చి ఆగిపోతాను. ఆరు సూత్రాల పథకం ముందా, ముల్కీ మీద సుప్రీంకోర్టు తీర్పు ముందా, 610 జీవో ఎప్పుడు, అన్నీ కలిసిపోతాయి. నా జ్ఞాపకశక్తే తక్కువా? దీనికి పద్ధతేమైనా ఉందా?

షాద్‌నగర్_శ్రీను

చెల్లె, ఆలోచించకుండా చేరిపో. గ్రూప్-2లో ఉన్నవి 783 పోస్టులు, దరఖాస్తు పెట్టినవాళ్ళు ఐదున్నర లక్షల మంది. అందులో సగానికి పైగా పరీక్షకే రాలేదు, అది వేరే సంగతి. వచ్చిన సగంలోనైనా ఎంతమందికి వస్తుంది? చేతిలో పైసలుంటే ఇంట్లో మాట్లాడే తీరే మారుతుంది. నేను షాద్‌నగర్‌లో కంపెనీలో చేరిన తర్వాతే మా నాన్న నన్ను సలహా అడగడం మొదలుపెట్టాడు.

పాలమూరు_కెమిస్ట్

చెల్లె, నేను పోలేపల్లిలోనే క్యూసీలో (క్వాలిటీ కంట్రోల్) చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. నువ్వు రెండు ప్రశ్నలు అడిగావు గానీ నాకవి ఒకటే అనిపిస్తున్నాయి. చేరాలా వద్దా తేలాలంటే ముందు నువ్వు ఇప్పుడు ఎక్కడున్నావో తెలియాలి. నీ పోస్టులో అదొక్కటే లేదు. ఎన్నిసార్లు చదివావో రాశావు, ఏ పెన్నులు వాడావో రాశావు. ఏ పేపర్లో ఎన్ని మార్కుల దగ్గర ఆగావో రాయలేదు.

మా ల్యాబ్‌లో హెచ్‌పీఎల్‌సీ అనే మిషన్ ఉంటుంది, మందులో ఏది ఎంత ఉందో కొలిచేది. నువ్వు చేరితే రోజూ దాంతోనే పని. శాంపిల్ పెట్టే ముందు, అందులో ఎంత ఉందో ముందే తెలిసిన స్టాండర్డ్‌ని ఐదారుసార్లు ఇంజెక్ట్ చేస్తాం. వచ్చే రీడింగులు దాదాపు ఒకేలా రావాలి, వాటి మధ్య తేడాను చెప్పే ఆర్‌ఎస్‌డీ మామూలుగా 2 శాతం దాటకూడదు. దాటిందంటే కారణం తేలేదాకా ఆ మిషన్ ఇచ్చే ఏ రిజల్టునూ నమ్మం. "నాకు వచ్చు" అని మనకు అనిపించడాన్ని కూడా అలాగే ముందు చెక్ చేయాలి.

ఈ ఆదివారం పాత గ్రూప్-2 పేపర్ ఒకటి తీసుకో. 2024 పేపర్ కీ చూసేసి ఉంటావు కాబట్టి 2016 నవంబర్‌లో జరిగినది తీసుకో. కరెంట్ అఫైర్స్ పాతబడిపోయి ఉంటాయి, వాటిని వదిలెయ్. 150 ప్రశ్నలు, రెండున్నర గంటలు, ఫోన్ వేరే గదిలో. ప్రతి జవాబు పక్కన ఒక గుర్తు పెట్టు. ఖచ్చితంగా తెలిస్తే "ఖ", సగం తెలిస్తే "స", గుడ్డిగా పెడితే "గు". అయ్యాక దిద్దుకో. గుడ్డిగా పెట్టి రైటైనవి లెక్కలోంచి తీసెయ్, మిగిలిందే నీ స్కోరు. అన్నిటికంటే విలువైనవి "ఖ" పెట్టినా తప్పయినవి. తెలియనిదాన్ని తెలియదనుకుంటే మళ్ళీ చదువుతాం. తప్పుగా తెలిసినదాని జోలికి మాత్రం ఎప్పటికీ వెళ్ళం. ఎన్నిసార్లు పుస్తకం తిప్పినా అది అలాగే ఉండిపోతుంది.

నీ జ్ఞాపకశక్తికి ఏమీ కాలేదు. 2006లో అమెరికాలో వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన రోడిగర్, కార్పికే అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చి, కొందరిని దాన్నే మళ్ళీ చదవమన్నారు. మిగతావాళ్ళను పాఠం పక్కన పెట్టి, గుర్తున్నంత కాగితం మీద రాయమన్నారు. ఐదు నిమిషాలకే పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళు ముందున్నారు. వారం తర్వాత పెడితే చూడకుండా రాసినవాళ్ళు ముందుకొచ్చారు. లైబ్రరీ మెట్లు దిగేటప్పుడు అంతా వచ్చేసినట్టు ఉండి, పరీక్ష హాల్లో రెండు ఆప్షన్ల దగ్గర ఆగిపోవడానికి కారణం ఇదే. పుస్తకంలో చూసి గుర్తుపట్టడాన్నే నువ్వు సాధన చేశావు. చూడకుండా బయటికి తీయడం సాధన చేయలేదు.

మా చెల్లె గ్రూప్-4కి చదివేటప్పుడు నేను షిఫ్టు నుంచి వచ్చి అన్నం తింటూ ప్రశ్నలు అడిగేదాన్ని. అదీ నీలాగే సంవత్సరాలు కలిపేసేది. కొన్నాళ్ళకు సంవత్సరం అడగడం మానేసి "ఎందుకు" అని అడగడం మొదలుపెట్టాను. నువ్వు రాసిన ఉదాహరణే తీసుకుందాం.

1956 ఫిబ్రవరిలో ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య పెద్దమనుషుల ఒప్పందం ఎందుకు జరిగింది? ఆంధ్రతో కలిస్తే మన ఉద్యోగాలు, నిధులు, భూములు పోతాయని ఇక్కడివాళ్ళకు భయం ఉంది, ఆ భయం తీర్చడానికి. 1969లో పిల్లలు ఎందుకు రోడ్డెక్కారు? ఒప్పందంలో రాసుకున్న రక్షణలు అమలు కాలేదు కాబట్టి. ఇక్కడి ఉద్యోగాలు స్థానికులకే అనే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అలా ఇస్తే అటువైపు వాళ్ళకు కోపం రావాలి కదా? వచ్చింది, అదే జై ఆంధ్ర ఉద్యమం. రెండువైపులా సర్దిచెప్పడానికి కేంద్రం 1973 సెప్టెంబర్‌లో ఆరు సూత్రాల పథకం తెచ్చింది. పథకం కాగితం మీదుంటే చాలదు, రాజ్యాంగంలో చోటు కావాలి. అందుకు 32వ సవరణ, 371-డి అధికరణ. ఆ అధికరణ కింద 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు, స్థానికుల ఉద్యోగాల కోసం జోన్లు. ఆ ఉత్తర్వులకు విరుద్ధంగా నియామకాలు జరిగాయని ఉద్యోగులు పోరాడితే, సరిదిద్దుతామని 1985 డిసెంబర్‌లో 610 జీవో. అదీ సరిగా అమలు కాలేదు కాబట్టి 2001లో గిర్‌గ్లానీ కమిషన్.

ఇప్పుడు వీటిలో దేన్నైనా ముందుకో వెనక్కో జరిపి చూడు, కుదరదు. తీర్పు రాకుండా జై ఆంధ్ర రాదు, జై ఆంధ్ర లేకుండా ఆరు సూత్రాలు రావు. మా చెల్లె దీన్ని తెల్లకాగితం మీద గీసేది, పుస్తకం అవతల గదిలో పెట్టి. మధ్యలో ఒకటి తట్టకపోతే ఖాళీ గడి వదిలేది. గీయడం పూర్తయ్యాకే పుస్తకం తెరిచి ఆ గడి ఒక్కటే నింపేది. మర్నాడు మళ్ళీ ఖాళీ కాగితం, తర్వాత రెండు మూడు రోజులు ఆగి, తర్వాత వారం ఆగి. తట్టనప్పుడు తల నొప్పెడుతుంది, పుస్తకం తెరవాలని చెయ్యి లాగుతుంది. ఆ రెండు నిమిషాలు ఓర్చుకోవాలి, నేర్చుకోవడం జరిగేది అప్పుడే.

భూగోళం కూడా నీ ఊరి నుంచే మొదలుపెట్టు. శ్రీశైలం వెనక జలాల నుంచి ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు దగ్గర మూడు లిఫ్టులతో నీళ్ళెత్తే పథకానికి కల్వకుర్తి పేరే ఉంది. దానికి ఎగువన జూరాల, దిగువన నాగార్జునసాగర్ పెట్టుకుంటే మన వైపు కృష్ణా బేసిన్ సగం నీ కళ్ళ ముందు ఉన్నట్టే.

ఇక ఉద్యోగం సంగతి. యూనిఫాం లేని పోస్టులకు వయోపరిమితిని 2022లో 44కు, 2024లో 46కు పెంచారు. నోటిఫికేషన్ల కోసం కాచుకుని వయసు దాటిపోయినవాళ్ళకు అది న్యాయమే. కానీ 26 ఏళ్ళ పిల్లకు దానివల్ల ఒక చిక్కు వచ్చింది. ఇంక చాలు అని నిన్ను ఆపేవాళ్ళు చాలా ఏళ్ళ దాకా ఎవరూ ఉండరు. ఆగే తేదీ నువ్వే పెట్టుకోవాలి, అదీ ఇప్పుడే, మనసు కుదురుగా ఉన్నప్పుడు.

ఒక నోటుబుక్కు తీసి తేదీ వేసి రాయి. ఎప్పటివరకు గ్రూప్స్‌కి చదువుతాను. అప్పటికి పాత పేపర్లో గుడ్డివి తీసేసి ఎన్ని మార్కులు రావాలి. రాకపోతే ఏం చేస్తాను. ఈ నిర్ణయానికి నా కారణాలేంటి. కారణాలు తప్పకుండా రాయి. మా ల్యాబ్‌లో పని చేసిన నిమిషంలోనే లాగ్‌బుక్‌లో రాయాలి, సాయంత్రం గుర్తు తెచ్చుకుని రాస్తే ఆడిట్‌లో దొరికిపోతాం. ఎందుకంటే మనిషి గుర్తు తెచ్చుకునేటప్పుడు తనకు అనుకూలంగా సర్దుకుంటాడు. రాత్రి నిర్ణయం మార్చుకోవాలనిపిస్తే ఆ పుస్తకం తీసి కొత్త కారణం ఏంటో రాసి మార్చుకో. రాయడానికి కొత్త కారణం లేదంటే అది భయమే, పడుకో.

నన్నడిగితే చేరమనే అంటాను. శ్రీను అన్న చెప్పిన లెక్కను బట్టి కాదు, పోటీ ఎంత ఉన్నా నీకు కావలసింది ఒక్క పోస్టే. నేను చేరమనేది పరీక్ష తేదీ నీ చేతిలో లేదు కాబట్టి. ఏడాదిన్నర వాయిదాలు నువ్వే చూశావు. మళ్ళీ అలాంటిది వస్తే బాపు పంపే పైసలతో ఎదురుచూడటం వేరు, నీ జీతంతో ఎదురుచూడటం వేరు. జీతముంటే వాయిదా నీకు చదువుకునే టైమ్ అవుతుంది.

చేరేముందు హెచ్‌ఆర్‌ని నాలుగు విషయాలు అడుగు. బాండ్ ఉందా, ఉంటే ఎన్నేళ్ళు. షిఫ్టు ఎన్ని రోజులకు మారుతుంది. నైట్ షిఫ్టుకు ఆడపిల్లలకు బస్సు ఇంటి దగ్గరిదాకా వస్తుందా, జడ్చర్ల చౌరస్తా వరకేనా. పీఎఫ్, ఈఎస్‌ఐ ఉన్నాయా. జీతం 21 వేల లోపు కాబట్టి ఈఎస్‌ఐ కిందికి వస్తావు, ఇంట్లో అమ్మానాన్నలు నీ జీతం మీదే ఆధారపడి ఉంటే వాళ్ళ వైద్యానికి కూడా పనికొస్తుంది.

చేరాక "ఇది నా అసలు ఉద్యోగం కాదు" అన్నట్టు మాత్రం చేయొద్దు. అలా చేసినవాళ్ళను మా దగ్గర చూశాను, రెండేళ్ళకు వాళ్ళకు గ్రూప్సూ రాలేదు, క్రొమటోగ్రామ్ (ఆ మిషన్ గీసే గ్రాఫ్) చదవడమూ రాలేదు. మొదటి వారం ఎస్‌ఓపీలు (ఏ పని ఎలా చేయాలో రాసిన కాగితాలు) ఇచ్చి చదివి సంతకం పెట్టమంటారు. చదివాక మూసి, స్టెప్పులు వరుసగా నీకు నువ్వే చెప్పుకో, తర్వాత సంతకం పెట్టు. గ్రాఫ్‌లో పీక్ ఎందుకు సాగింది, కాలమ్ పాతదా, బఫర్ పీహెచ్ తేడానా అని సీనియర్లను అడుగు. ఇది నేర్చుకున్న కెమిస్టుకు పోలేపల్లిలో కాకపోతే చౌటుప్పల్‌లో, అక్కడ కాకపోతే జీడిమెట్లలో పని దొరుకుతుంది.

దేవరకొండ_జేఏ

నేను 2023 జూలై 1న జరిగిన గ్రూప్-4 రాసి జూనియర్ అసిస్టెంట్‌గా వచ్చాను. అంతకుముందు దేవరకొండలో ప్రైవేట్ స్కూల్లో చెప్పేవాణ్ణి. అక్క చెప్పిన చదివే పద్ధతితో పూర్తిగా ఏకీభవిస్తాను. ఒక్క చోట మాత్రం నా మాట వేరు. ఉద్యోగం చేస్తూ చదవొచ్చు అన్నది స్కూల్ టీచర్‌కు కుదిరినట్టు మూడు షిఫ్టుల కెమిస్టుకు కుదరదు. మా తమ్ముడు మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లులో నైట్ డ్యూటీ చేస్తూ చదవాలని చూశాడు. పగలు నిద్ర సరిగా పట్టదు, పుస్తకం పట్టుకుంటే కళ్ళు మూతలు పడతాయి, దాంతో నేనే పనికిరాను అనే దిగులు మొదలవుతుంది. లోపం మనిషిలో లేదు, నిద్రలో ఉంది.

అందుకే నైట్ వారంలో కొత్త పాఠం ముట్టుకోకు చెల్లె. పాత కాగితాలే తిరగేసుకో, బస్సులో పదిహేను ప్రశ్నలు నోటితో చెప్పుకో, అది చాలు. కొత్త సబ్జెక్టు, పేపర్ ప్రాక్టీస్ పగటి షిఫ్టు వారాలకు ఉంచుకో. రోజుకింత చదవాలి అని కాకుండా నెలకింత అని లెక్క పెట్టుకుంటే మనసు కుంగదు.

ఇంకో మాట. పరీక్ష తేదీ ప్రకటించగానే రిజైన్ చేసి రూముల్లో కూర్చున్నవాళ్ళు మా బ్యాచ్‌లోనే ఉన్నారు. తేదీ జరిగింది, వాళ్ళ చేతిలో పైసలు అయిపోయాయి. నువ్వు సెలవులు దాచుకో, రిజైన్ వద్దు. గ్రూప్-3లో ఉన్న మూడు పేపర్లూ దాదాపు గ్రూప్-2 సిలబస్సే, కాబట్టి ఒక్క చదువుతో రెండూ రాయి.

కల్వకుర్తి_పిల్ల

అందరికీ చాలా థాంక్స్. అక్కా, పేపర్ రాశాను. ఉద్యమ చరిత్రే బలహీనం అనుకున్నా, అది కాదు. పాలిటీలో "ఖ" పెట్టినవే ఎక్కువ తప్పయ్యాయి. ప్రాథమిక హక్కులు, ఆదేశిక సూత్రాల అధికరణాలు ఒకదానికొకటి మార్చి గుర్తుపెట్టుకున్నాను, డిగ్రీ అప్పటి నుంచీ అలాగే ఉన్నట్టుంది. నాకు బాగా వచ్చిన సబ్జెక్టు అని దాన్ని అసలు తిరగేయనే లేదు. గుడ్డిగా పెట్టి రైటైనవి తీసేస్తే స్కోరు చాలా పడిపోయింది. చూసి ఏడుపొచ్చింది గానీ ఎక్కడ పని చేయాలో తెలిసింది.

నోటుబుక్కులో తేదీ, మార్కులు, కారణాలు రాసి బాపుకు చదివి వినిపించాను. మొదటిసారి "నీ ఇష్టం" అనలేదు. జీతంలో ఇంటికేమీ ఇవ్వొద్దు, నీ పరీక్ష ఫీజులకు, పుస్తకాలకు పెట్టుకో అన్నాడు. నైట్ షిఫ్టు బస్సు సంగతి కూడా ఆయనే ఫోన్ చేసి కనుక్కున్నాడు. కల్వకుర్తి దాకా రాదట, అందుకని జడ్చర్లలో ఇంకో ఇద్దరు అమ్మాయిలతో కలిసి రూమ్ చూసుకుంటున్నాను.

ఒక్క డౌట్. చేరేటప్పుడు డిగ్రీ ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ దగ్గర పెట్టాలంటున్నారు. ఇవ్వొచ్చా?

పాలమూరు_కెమిస్ట్

ఇవ్వకు. చూపించి, వాళ్ళు సరిచూసుకున్నాక అక్కడే వెనక్కి తీసుకో. జిరాక్సుల మీద సంతకం పెట్టి ఇవ్వు. "గ్రూప్స్‌కి సర్టిఫికెట్ వెరిఫికేషన్ కావాలి" అని చెప్పకు, ఎలాగూ వెళ్ళిపోయే మనిషి అనుకుంటారు. "మా యూనివర్సిటీలో పీజీ అప్లికేషన్‌కు ఒరిజినల్స్ అవసరం" అని కూడా అబద్ధం చెప్పకు. "ఒరిజినల్స్ ఇంట్లోనే ఉంచుతాం సార్, మీకు కావాల్సినప్పుడల్లా తెచ్చి చూపిస్తాను" అంటే చాలు. గట్టిగా పట్టుబడితే ఏ సర్టిఫికెట్ ఎప్పుడు తీసుకున్నారో, అడిగిన ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో కంపెనీ లెటర్‌హెడ్ మీద రాయించుకో. రాసివ్వం అంటే నాకు చెప్పు, పక్క యూనిట్లలో ట్రైనీలను తీసుకుంటున్నారేమో కనుక్కుంటాను.

పాలిటీకి అధికరణాలు విడివిడిగా బట్టీ పట్టకు. మూడో భాగం 12 నుంచి 35, నాలుగో భాగం 36 నుంచి 51, నాలుగు-ఏ అంటే 51-ఏ ప్రాథమిక విధులు. ముందు ఈ మూడు గడులు కాగితం మీద గీసి, తప్పయిన అధికరణాలన్నీ ఏ గడిలో పడతాయో చూడకుండా వేసుకో. కోర్టుకు వెళ్ళి అడగగలిగేది మూడో భాగం, ప్రభుత్వం పాటించాలే తప్ప కోర్టు ద్వారా అమలు చేయించలేనిది నాలుగో భాగం. సమాన పనికి సమాన వేతనం, గ్రామ పంచాయతీలు ఎటు వస్తాయో ఆ ఒక్క తేడాతో ఆలోచించి పెట్టు. రూమ్ దొరికాక మెసేజ్ పెట్టు, మా ఇల్లు జడ్చర్లలోనే.